కూరలో పోసిన ద్రాక్షారసం

నంద్యాల వైపు వెళ్లొచ్చి నెల దాటింది. అక్కడ ఏం చూశావు, ఏం తిన్నావు అని అడిగినవాళ్లకు ఉగ్గాని గురించీ బెలుం గుహల గురించీ చెప్పి ఊరుకున్నాను. ఒక ఇంటికి అతిథిగా వెళ్లి ఆ ఇంటికి చెరుపు చేసి వచ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది అదే. ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లు మార్చాను. తక్కినదంతా జరిగినట్టే ఉంటుంది.

నాది బందరు, ఉద్యోగం విజయవాడలో. ఒక వారపత్రికకు తిండి గురించి రాస్తుంటాను. ఎప్పుడో నాసిక్ దగ్గర ద్రాక్షతోటల్లో కొన్నాళ్లు శిక్షణకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నాకు రెడ్ వైన్ పిచ్చి పట్టుకుంది. ఏ వైన్‌కు ఏ వంట నప్పుతుందో వాసన చూసి చెప్పగలనని నమ్మకం. మా ఆవిడ అంటుంది, "అందరూ ఊరికే తాగుతారు, మీరు పుస్తకం చదివి తాగుతారు" అని. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకుంటూ వచ్చాను.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల కొన్ని క్రైస్తవుల ఇళ్లలో, గుడికి కావలసిన ద్రాక్షారసాన్ని ఇంట్లోనే జాడీల్లో ఊరబెడతారని ఒక స్నేహితుడు చెప్పాడు. నెల మొదటి ఆదివారం గుడిలో ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షారసం అందరికీ ఇస్తారు. సంస్కారం అంటారు దాన్ని. నేనూ బాప్తిస్మం పొందినవాణ్ణే. అయితే మా బందరు గుడిలో చిన్నప్పటినుంచీ సీసాలో వచ్చే తియ్యటి ద్రాక్షపానకమే చూశాను. ఇంట్లో ఊరిన రెడ్ వైన్, దాని పక్కన సీమ కారం, సంగటి, పొట్టేలు మాంసం. రైలెక్కక ముందే వ్యాసానికి పేరు కూడా పెట్టేసుకున్నాను.

నంద్యాల

ఫిబ్రవరి మొదట్లో, ఒక గురువారం పొద్దున దిగాను. స్టేషన్ బయట బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు బజ్జీ సాయంత్రం తిండి. ఇక్కడ ఇంకా పళ్లు సరిగా తోమారో లేదో తెలియని మనుషులు కూడా బజ్జీ కొరుకుతూ నిలబడ్డారు. కళ్లలో నీళ్లు వస్తుంటే బండాయన చూసి, "కోస్తా ఆయప్పకు ఇంకో రెండు ఎయ్యి" అని పెళ్లాంతో అన్నాడు.

ముందు ఊళ్లో దొరికే రెడ్ వైన్ ఏదో చూద్దామని పెద్దగా 'వైన్స్' అని బోర్డున్న దుకాణానికి వెళ్లాను. రెడ్ వైన్ కావాలన్నాను. లోపలివాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"వైన్ షాపులో వైన్ ఏందన్నా? బ్రాందీ చెప్పు, విస్కీ చెప్పు."

పక్కన నిలబడిన ముసలాయన నవ్వాడు. "రెడ్ వైన్ అంటే ఆడోళ్లు మొకానికి పూసుకుంటారు, అది అడుగుతాండాడేమో లేప్పా."

చివరికి ఏ అలమర వెనక నుంచో దుమ్ము పట్టిన సీసా ఒకటి తెచ్చిచ్చాడు. లాడ్జిలో బిరడా తీసే సాధనం లేక తాళంచెవితో లోపలికి నెట్టబోయాను. సగం వైన్ చొక్కా మీదికి చిమ్మింది. మిగిలింది దగ్గుమందులా ఉంది. అయినా ఉగ్గానితో కలిపి చూసి, నప్పలేదని ఫోనులో రాసుకున్నాను.

సాయంత్రం సామ్యేలు మాస్టారింటికి వెళ్లాను. నా స్నేహితుడికి తెలిసిన రిటైర్డు టీచరు. ద్రాక్షారసం చేసే శాంతమ్మ ఆయన పెద్దనాన్న కూతురు. నా ముందే ఫోను చేసి ఆమెకు చెప్పాడు. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగాడు.

"చూడు సార్. శాంతమ్మ భర్త జక్రయ్య. ఒకప్పుడు లారీ తోలేటోడు. తాగి బండిని కాలవలోకి ఇడిసిపెట్టినాడు. క్లీనరు కాలు పోయింది. ఆ పొద్దు మానేసినోడు మళ్లా ముట్టలేదు. ఇప్పుడు బడి పిల్లోళ్లను ఆటోలో తోల్తాడు. గుడిలో సంస్కారమప్పుడు కూడా గిన్నె పట్టడు. రొట్టె మటుకు తీసుకుంటాడు."

"మరి ఇంట్లోనే ద్రాక్షారసం చేస్తారు కదా?"

"అదే ఆయప్ప పంతం. ఇంట్లో జాడీ ఉండి ముట్టకపోతేనే మానినట్టు అంటాడు." మాస్టారు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ ఊరి గుడిలో ఒక కట్టుబాటు ఉండాది. తాగినోడు వెనక చాప మీద కూచోవల్ల. ఈస్టరు దాకా రొట్టె పెట్టరు. జక్రయ్య ఆ చాప మీద కూచోని కూచోని ఏండ్లు గడిపినాడు. రొట్టె దొరికిన కాడి నుంచి ఒక్క నెల పోగొట్టుకోలేదు. ఆయప్ప ముందర తాగుడు మాట ఎత్తొద్దు. నీ పని చూసుకోని వచ్చేయ్."

అలాగేనని మాటిచ్చాను.

శిరివెళ్ల మీదుగా

మర్నాడు పొద్దున ఆళ్లగడ్డ బస్సు. ఎడమ చేతి వైపు నల్లమల కొండలు, రెండు పక్కలా నల్లరేగడి చేలు. శనగ కోత సాగుతోంది. శిరివెళ్ల దగ్గర శనగకట్టె వేసుకున్న ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి, బస్సు చాలాసేపు నిలిచింది. కిటికీలోంచి ఒకామె పచ్చిశనగ కట్ట అందించింది. ఇరవై రూపాయలు. నా పక్కన కూర్చున్న రైతు అడగకుండానే అందులోంచి సగం తుంచుకుని వొలుచుకు తినడం మొదలుపెట్టాడు. మా వైపు అపరిచితుల చేతిలోది అలా తీసుకోరు. నాకు ముచ్చటేసింది.

"యాడికి పోతాండావ్?" అన్నాడు.

చెప్పాను. ద్రాక్షారసం, దానికి తగిన వంటలు, పత్రిక.

ఆయన కాయ వొలవడం ఆపాడు. "తాగి చెడినోళ్లను చూసినా. తాగి బాగుపడినోడు యాడన్నా ఉంటాడేమో, నేను చూల్లేదు. తాగుడు గురించి రాసుకునేకి బస్సెక్కినోన్ని ఈ పొద్దే చూస్తాండా."

వెనక సీట్లవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటను వ్యాసంలో ఎక్కడ వాడాలా అని ఆలోచిస్తూ ఆళ్లగడ్డ చేరాను.

ఆళ్లగడ్డ అవతల ఊరు

ఆళ్లగడ్డలో దిగగానే శిల్పుల ఉలుల చప్పుడు. రోడ్డు పక్కన రాతిదుమ్ములో సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉన్నాయి. అక్కడే మాంసం అంగట్లో కిలో పొట్టేలు మాంసం తీసుకున్నాను, ఒట్టి చేతులతో వెళ్లడం బాగుండదని. అలా అనుకున్నది నిజమే. ద్రాక్షారసానికి పక్కన పెట్టి చూడటానికి ఒక వంట కావాలన్నదీ నిజమే.

ఇల్లు చిన్నది, నాపరాయి పరిచిన వసారా. శాంతమ్మకు యాభై అయిదేళ్లుంటాయి. "వందనాలు సారూ" అని చెంబుతో నీళ్లిచ్చింది. వసారాలో తెల్లగుడ్డ మీద నల్లద్రాక్ష ఆరబోసి ఉంది. చిక్కబళ్లాపురం నుంచి నంద్యాల మార్కెట్టుకు వచ్చే గింజల ద్రాక్ష.

జక్రయ్య పిల్లల్ని బడిలో దింపి అప్పుడే వచ్చాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన కాకీ చొక్కా. "మాస్టారు చెప్పిన వైన్ సారు నువ్వేనా?" అని చేతులు కడుక్కుని, టవలును ముక్కు మీదుగా బిగించి కట్టుకుని ద్రాక్ష ముందు కూర్చున్నాడు.

"టవలెందుకు?" అన్నాను.

"ఇప్పుడు వాసన ఉండదులే. అలవాటు చేసుకోని ఉండా. నాకు కండ్లతో పని, ముక్కుతో పని లేదు."

శాంతమ్మ వేళ్లు నొప్పులతో వంకరపోయాయి. అందుకని ద్రాక్ష పిసికేది ఆయన. పిసికి జాడీలో పోసేదాకా ఆయన పని. చక్కెర, గుప్పెడు గోధుమలు వేసి, మూతికి గుడ్డ కట్టేది ఆమె. ఆ తర్వాత జాడీ ఉన్న గదిలోకి ఆయన అడుగుపెట్టడు. రోజూ చెక్కగరిటెతో కలిపేది, వడగట్టేది ఆమే. రుచి చూసేది అయ్యగారు, అంటే పాస్టరు. ఇద్దరూ కలిసి చేసే ద్రాక్షారసాన్ని ఇద్దరూ ఇంట్లో రుచి చూడరు. మాటల్లో అది నియమంలా వినిపించలేదు, కాళ్లు కడుక్కుని లోపలికి రావడంలా మామూలుగా వినిపించింది.

ద్రాక్ష పిసుకుతూ జక్రయ్య కబుర్లు చెప్పాడు. బడి పిల్లలు తనకు పెట్టిన పేర్లన్నీ చెప్పాడు. "ఎనకసీటు వాళ్లు నన్ను మీసాల తాత అంటారు. ముందర సీటు ఇస్తే జక్రయ్య సారూ అంటారు. లంచం తీసుకోకుండా మర్యాద ఇయ్యరు నా కొడుకులు." టవలు కింద నుంచి నవ్వు గుర్రుమని వచ్చింది. "ఎల్లుండి సంస్కారం ఉండాది సార్. ఉండి పో. మా అయ్యగారు ప్రసంగం కురచ."

మధ్యాహ్నం బండి తీసుకుని బడికి వెళ్లిపోయాడు.

పొయ్యి దగ్గర

శాంతమ్మ మాంసం కడిగి పొయ్యి మీద పెట్టింది. నేను వంటగది గడపలో పీట వేసుకుని కూర్చుని, ద్రాక్షారసంతో ఏమేం తింటారని అడగడం మొదలుపెట్టాను.

"దానికి తిండేంది సారూ? రొట్టె. అంతే."

"పండగలకు మాంసం వండుకుంటారు కదా. అప్పుడు ఒక గుక్క..."

"అది గుడిది. ఇంటిది కాదు."

నేను ఊరుకోలేదు. ఇంత దూరం వచ్చాను, రుచి చూడకుండా ఏం రాస్తాను అన్నాను. ఆమె చాలాసేపు కూర కలుపుతూ ఉండిపోయింది. అతిథి నోరు తెరిచి అడిగిన దాన్ని లేదనడం ఆమెకు చాతకాలేదు. లోపలి గదిలోంచి, ఈ నెలకని వడగట్టి ఉంచిన సీసాల్లోంచి ఒక చిన్న స్టీలు గ్లాసుడు తెచ్చిచ్చింది. "ఆయప్ప వచ్చేలోపల తాగేసి గ్లాసు నా చేతికియ్యి."

మంచి ద్రాక్షారసం. మొదట తీపి, వెంటనే పులుపు, చివర్లో నాలుక మీద తొక్కల వగరు. పొయ్యి మీద మాంసం ధనియాలు, ఎండుమిరప, కొబ్బరితో ఉడుకుతోంది. సగం తాగి ఆపాను. ఈ వగరూ ఆ కొవ్వూ కలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చాక నాకు ఇంకేం తోచలేదు. శాంతమ్మ దొడ్లోకి కొత్తిమీరకని వెళ్లింది. గ్లాసులో మిగిలింది కూరలో పోసి గరిటెతో కలిపాను.

ఆమె గడప దాటుతూనే ఆగిపోయింది. "ఏం పోసినావ్ సారూ?"

విదేశాల్లో అందరూ ఇలాగే వండుతారని చెప్పాను. వేడికి మత్తంతా ఆవిరైపోతుందని, వాసన మాత్రం మిగులుతుందని చెప్పాను.

"అంతా పోతాదా? ఆయప్ప తినేది."

"ఒక్క చుక్క కూడా మిగలదక్కా."

అది అబద్ధం. ఎంత మరిగించినా కొంత మిగులుతుందని నేను చదివాను, ఒకసారి రాశాను కూడా. ఆ క్షణంలో అది గుర్తుకు రాలేదని చెప్పుకుంటే బాగుంటుంది. గుర్తుంది. ఆమె కూర పారబోస్తుందేమోనని భయపడ్డాను. కూర నాకు కావాలి.

శాంతమ్మ గిన్నెకేసి చూసింది. కిలో మాంసం, అతిథి తెచ్చింది. మంట పెంచి చాలాసేపు మరగనిచ్చింది. అయినా నమ్మకం కుదరక, జక్రయ్య కోసమని విడిగా రెండు కోడిగుడ్లు పులుసు పెట్టింది.

పొద్దు వాలుతుండగా జక్రయ్య వచ్చాడు. సంగటి ముద్దలు వేడిగా పళ్లేల్లోకి వచ్చాయి. ఆయన పళ్లెంలో గుడ్డు చూసి, "ఏమ్మే, సారు మాంసం తెస్తే నాకు గుడ్డా? నేనేం పథ్యంలో ఉండానా?" అని నవ్వుతూ గరిటె తానే అందుకుని వేసుకున్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకుని తింటున్నాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన ఆగాడు. నమలలేదు. నవ్వు పోయింది.

"దీంట్లో ఏమేసినావ్?" అని భార్యను అడిగాడు.

ఆమె నోరు తెరవలేదు. నేను తెరిచాను. "దానిమ్మ రసం. మా వైపు మాంసంలో వేస్తారు. నేనే వేయించాను."

మా వైపు ఎవరూ వెయ్యరు. ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. ఏదో తేల్చుకుంటున్నట్టు చూశాడు.

"అట్లనా," అన్నాడు.

తర్వాత తిన్నాడు. రెండోసారి వేసుకున్నాడు. మూడోసారి గిన్నె వంచి పులుసంతా పళ్లెంలోకి పోసుకుని, సంగటితో తుడిచి తిన్నాడు. శాంతమ్మ తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ కూర నిజంగా బాగుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నన్ను ఆళ్లగడ్డ లాడ్జి దగ్గర తన ఆటోలోనే దింపాడు. ఊరు దగ్గర పడుతుండగా రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పకుండా అడిగాడు.

"మీ ఊర్లో దానిమ్మ కిలో ఎంత సార్?"

నిజం చెప్పడానికి ఆయన నాకిచ్చిన ఆఖరి అవకాశం అది. అప్పుడే అర్థమైంది కూడా.

"నూట ఎనభై," అన్నాను.

బెలుం

శనివారం అద్దె కారులో బెలుం గుహలకు వెళ్లాను. జక్రయ్య ఇంటికి ముందు ఒకసారి వెళ్లి రావాలనిపించింది. వెళ్లకపోవడానికి, కారు మాట్లాడుకున్నానన్న సాకు దొరికింది.

లోపల ఉక్క. చొక్కా విప్పి పిండితే నీళ్లొస్తాయి. ఇరుకు సందుల్లో గైడు ముందు నడుస్తూ, "వంగు సార్, వంగు. ఎమ్మెల్యే వచ్చినా వంగే పోయినాడు" అన్నాడు. అతను దీపం చూపించిన చోటల్లా ఏదో ఒక దేవుడి రూపమో జంతువు రూపమో ఉందన్నాడు. నాకేమీ కనబడలేదు. వ్యాసంలో కూర గురించిన పేరాకు మాటలు కూర్చుకుంటున్నాను. పొట్టేలు కొవ్వును ద్రాక్ష వగరు ఎలా కోస్తుందో, సంగటి రెంటినీ ఎలా మోస్తుందో. మంచి వాక్యాలే వచ్చాయి.

బయటికి రాగానే ఫోను మోగడం మొదలుపెట్టింది. శాంతమ్మ అప్పటికే చాలాసార్లు చేసింది.

"ఆయప్ప నీతో పాటు గుహలకు వచ్చినాడా సారూ?"

"లేదక్కా."

"ఒగవేళ నీతో వచ్చినాడేమో అనుకుంటి." ఆమె గొంతు ఇంకా ఆశగానే ఉంది. "పొద్దున పిల్లోళ్లను బడిలో ఇడిసిపెట్టినాడంట. మధ్యాన్నం తీస్కరాలేదు. బండి ఆళ్లగడ్డలో టీ అంగడి కాడ ఉండాదంట. తాళంచెవి టీ అంగడాయప్ప చేతిలో పెట్టి, మళ్లా తానే వచ్చి అడిగినా ఈయొద్దు అని చెప్పి పోయినాడంట."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కారు వైపు నడిచాను. "సరేలే, పెట్టేస్తాండా," అంది.

నేను ఆళ్లగడ్డ చేరేసరికి ఇంకా వెలుతురుంది. బస్టాండుకు కొంచెం అవతల, శిల్పుల పాకల పక్కన, చెక్కని రాయికి ఆనుకుని జక్రయ్య కూర్చుని ఉన్నాడు. కాకీ చొక్కా నిండా రాతిదుమ్ము, వాంతి. శాంతమ్మ పక్కన కూర్చుని ఎండ పడకుండా ఆయన తల మీద కొంగు పట్టుకుని ఉంది. రోడ్డున పోయేవాళ్లు చూసి పోతున్నారు. ఇద్దరం లేపి వేరే ఆటోలో ఎక్కించాం. దారి పొడుగునా ఆయన ఆటోవాణ్ణి ఒకటే అడిగాడు.

"పిల్లోళ్లు ఇండ్లకు చేరినారా అప్పా? అందురూ చేరినారా?"

"చేరినారు లేప్పా. గమ్మునుండు."

"ముందర సీటు పాప?"

"చేరింది."

మళ్లీ మొదటినుంచి అడిగేవాడు.

ఇంటి ముందు బడి పిల్లల్లో ఒకరి తండ్రి కాచుకుని ఉన్నాడు. జక్రయ్యను దింపుతుంటే చూసి ముఖం తిప్పుకుని, శాంతమ్మతో చెప్పాడు. "సోమవారం నుంచి వేరే బండి మాట్లాడుకున్నాం మ్మా. అందరిదీ అదే మాట. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటాంలే నాయనా," అంది ఆమె.

ఆదివారం

పొద్దున్నే వెళ్లాను. జక్రయ్య తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నేను దగ్గరికి వెళ్లి, కూరలో పోసింది దానిమ్మ కాదన్నాను.

"మొదటి ముద్దకే తెల్సు సార్."

"మరి ఎందుకు తిన్నారు?"

ఆయన టవలుతో మెల్లగా ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు దానిమ్మ అంటివి గదా. చదువుకున్నోడివి. నీ మాట మీద ఏసుకోని తిన్నా. ఆ పొద్దు నాకు ఎవరో ఒకరు దాంట్లో మందు లేదు అని చెప్పేది కావల్సొచ్చింది. నువ్వు చెప్తివి."

అయ్యగారికి నేను చెబుతానన్నాను. జరిగిందంతా నా వల్లేనని, గుడిలో అందరి ముందూ చెబుతానన్నాను.

"ఏం చెప్తావ్? వైన్ షాపుకు నీ కాళ్లతో పోయినానా, నా కాళ్లతో పోయినా." గొంతు తగ్గించి వంటగది వైపు చూశాడు. "నువ్వు నోరు తెరిస్తే ఆయమ్మ మీదికి వస్తాది. గుడిది ఎట్ల తీసిచ్చినావ్ అంటారు. ద్రాక్ష పని ఇంకొకరికి పోతాది. ఆయమ్మకు ఉండేది అదొక్కటే. నాది ఎట్లా పాయె. గమ్మున ఉండి, గమ్మున పో."

నేను తల ఊపాను. శాంతమ్మ మేలు కోసమే ఊరుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన 'గమ్మున ఉండు' అన్నప్పుడు నా ఒళ్లంతా తేలికపడింది. నన్ను నోరు మూసుకోమన్నందుకు ఆ మనిషికి లోలోపల దండం పెట్టుకున్నాను. నా గురించి నేను అంతకుముందు ఎరగని సంగతి అది.

గుడి చిన్న రేకుల హాలు. ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు, చాపల మీద. దూరం నుంచి వచ్చానని నాకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. జక్రయ్య ఎవరూ చెప్పకముందే వెనక గోడ దగ్గరి చాప మీదికి వెళ్లి కూర్చున్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆ చాప మీద ఆయన ఒక్కడే.

పాటలు, వాక్యం, కురచ ప్రసంగం. అయ్యగారు బేకరీ రొట్టెను ముక్కలుగా కోసిన పళ్లెం తీసుకుని వరసల వెంట వచ్చారు. ఆయన కళ్లు ఒకసారి వెనక గోడ దాకా వెళ్లి వచ్చాయి. అప్పుడే కుడివైపు నుంచి శాంతమ్మ లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, ఆడవాళ్ల చాపలు దాటి, నడవ దాటి, వెనక చాప మీద జక్రయ్య పక్కన కూర్చుంది. ఆడమనిషి అటువైపు కూర్చోవడం ఆ గుడిలో లేదు. హాలంతా సద్దుమణిగింది. పోమ్మే, లే అని ఆయన గొణగడం వినబడింది. ఆమె లేవలేదు.

అయ్యగారు నా ముందుకు వచ్చారు. వద్దని తల ఊపితే చాలు. ఊపితే ఎందుకని చూస్తారు, తర్వాత అడుగుతారు, అడిగితే ఏదో ఒకటి చెప్పాలి. నా వెనక గోడ దగ్గర ఆ ఇద్దరూ కూర్చుని ఉన్నారని తెలిసే, నేను రెండు చేతులూ దోసిలి పట్టాను. రొట్టె ముక్క చేతిలో పడింది. నోట్లో పెట్టుకున్నాను.

ఎండిపోయిన రొట్టె. గొంతులో అడ్డం పడి కిందికి దిగలేదు. ఇంతలో గిన్నె వచ్చింది. శాంతమ్మ చేసిన ద్రాక్షారసం ఒక గుక్క తాగి, దాన్ని దించుకున్నాను.